సర్వమాన్యం నుంచి సెక్షన్ 80సి దాకా

తిరుమల మెట్లెక్కడానికి అలిపిరి పాదాల మండపం దగ్గరికి చేరిన యాత్రికుడి చూపంతా కొండ మీదే ఉంటుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి ఊరివైపు చూస్తే అక్కడున్నది ఒక చదువుల పట్నం. అలిపిరి రోడ్డు వెంబడే స్విమ్స్, రుయా ఆసుపత్రి, ఎస్వీ వైద్య కళాశాల ఉన్నాయి. ఇంకాస్త ముందుకు పోతే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వస్తాయి. చంద్రగిరి వైపు వేద విశ్వవిద్యాలయం, ఏర్పేడు వైపు 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఈ పరిమాణంలో ఉన్న ఊరికి ఇన్ని పెద్ద విద్యాసంస్థలు ఉండటం మన రాష్ట్రంలో మరెక్కడా చూడం.

ఇంత చదువుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? తల్లిదండ్రులు ఎంత పెట్టుకున్నారు, దేవుడి హుండీ ఎంత మోసింది, ప్రభుత్వం తనకు రావలసిన పన్నులో ఎవరికి ఎంత వదులుకుంది? ఈ మూడో ప్రశ్న గురించి మన దగ్గర చర్చ తక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ప్రతి ఎన్నికకూ వాదోపవాదాలు నడుస్తాయి. ఆదాయపు పన్నులో చదువుకు ఇచ్చే మినహాయింపు మాత్రం ఆడిటరు బల్ల మీద మొదలై అక్కడే ముగిసిపోతుంది. నిజానికి ఈ రెండూ ఒకే ప్రజాధనం. ఒకటి ఖజానాలోకి వచ్చి బయటికి వెళ్తుంది, రెండోది ఖజానాలోకి రాకుండానే ఆగిపోతుంది. అందుకే రెండింటినీ కలిపి, మొదటినుంచీ చూడాలి.

మొదలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఆదాయపు పన్ను పుట్టకముందు ఉన్నది భూమి శిస్తు. ఆ శిస్తును వదులుకోవడమే రాజు చదువుకు చేసే సాయం. పల్లవ రాజు నృపతుంగవర్మ తొమ్మిదో శతాబ్దంలో పుదుచ్చేరి దగ్గరి బాహూరు విద్యాస్థానానికి మూడు గ్రామాలిచ్చినట్టు రాగిశాసనాలు చెబుతున్నాయి. తెలుగు గడ్డ మీద ఇంకా వివరంగా మాట్లాడేది మల్కాపురం శాసనం. కాకతి రుద్రమదేవి ఏలుబడిలో, క్రీ.శ. 1261లో వేయించినది. ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్న మందడాన్ని విశ్వేశ్వర శివాచార్యుడికి ధారపోసిన దానశాసనం అది. ఆ ఊరి రాబడి మీద మఠం నడిచింది, విద్యార్థులకు భోజనం దొరికింది, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం నడిచాయి. వేదాలు చెప్పడానికి ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమం వంటి శాస్త్రాలు చెప్పడానికి ఐదుగురు గురువులను నియమించారు. ఎవరికి ఎంత భూమి అన్నది కూడా శాసనంలోనే రాసిపెట్టారు. విజయనగర కాలానికి వచ్చేసరికి సర్వమాన్య అగ్రహారం అన్నది పాలనలో మామూలు మాటైపోయింది. సర్వమాన్యమంటే ఏ పన్నూ కట్టనక్కర్లేని భూమి.

ఈ ఏర్పాటు గొప్పదే. కానీ ఆ చదువు అందింది చాలా కొద్ది కులాలకు. పొలం దున్ని రాబడి తెచ్చిపెట్టిన రైతు బిడ్డకు, ఆ ఊరి మాల మాదిగల బిడ్డలకు ఆ వేదపాఠశాలలో చోటు లేదు. కష్టం ఒకరిది, రాయితీ ఇంకొకరిది అన్న చిక్కు మన విద్యా చరిత్రలో అక్కడే మొదలైంది. తర్వాత వచ్చిన ఏ చట్టమూ దాన్ని పూర్తిగా విప్పలేదు.

1800లో రాయలసీమ దత్తమండలాలుగా ఈస్టిండియా కుంఫణీ చేతికి వచ్చింది. తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడ పనిచేశాడు. అతనే మద్రాసు గవర్నరయ్యాక, 1822లో, ప్రతి జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఈ సీమలో చదువు ఖర్చు గురించి మనకున్న అతి విలువైన పత్రాల్లో ఒకటి. దాదాపు పది లక్షల జనాభాకు 533 బడులు, చదివే పిల్లలు ఏడు వేల లోపు. కారణాలు రాయడంలో ఆయన ఏమీ దాచలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి నేతగాళ్ల బతుకు కూలిపోయింది, జనం చేతిలో డబ్బు లేదు, పిల్లలను బడికి పంపే స్తోమత తల్లిదండ్రులకు పోయింది. వెనకటి ప్రభుత్వాలు చదువుకు వదిలిన రాబడులు ఇప్పుడు ఆ పనికి అందడం లేదు. కుంఫణీ అధికారే కుంఫణీ పాలన మీద ఇచ్చిన సాక్ష్యమిది. మన్రో తాలూకాకు ఒక బడి పెట్టాలని ప్రణాళిక వేశాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ బడులు 1836తో మూతపడ్డాయి.

అదే కాలంలో తిరుమల గుడి పెత్తనం కూడా కుంఫణీదే. 1801 నుంచి 1843 దాకా ఉత్తర ఆర్కాటు కలెక్టరు, చిత్తూరు కేంద్రంగా, గుడి రాబడి లెక్కలు చూశాడు. ఖర్చులు పోగా మిగిలినది కుంఫణీ ఖజానాకు చేరింది. భక్తుడు ముడుపు కట్టుకుని తెచ్చిన సొమ్ములో మిగులు నాలుగు దశాబ్దాల పాటు ఈ సీమ బడికి గానీ పిల్లలకు గానీ తిరిగి రాలేదు. 1843లో పెత్తనం హథీరాంజీ మఠం మహంతులకు మారింది.

చదువు కోసం పన్ను వేయడం గోదావరి డెల్టాలో మొదలైంది. 1850లలో నరసాపురం ప్రాంతంలో సబ్‌కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ హయాంలో రైతులు శిస్తు మీద అదనంగా కొంత చెల్లించి ఊరిబడులు నిలుపుకున్నారు. వాటిని రేటు స్కూళ్లన్నారు. దాన్ని చూసి మద్రాసు ప్రభుత్వం 1863లో చట్టం తెచ్చింది, 1871లో స్థానిక నిధుల చట్టం తెచ్చింది. 1920 ప్రాథమిక విద్యాచట్టంతో స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేసుకునే అధికారం వచ్చింది. జేమ్స్ విల్సన్ 1860లో తెచ్చిన ఆదాయపు పన్నుకు, ఈ బడి పన్నులకు మధ్య అప్పట్లో ఏ సంబంధమూ లేదు. కట్టిన ఫీజు చూపించి పన్ను తగ్గించుకోవచ్చన్న ఆలోచన ఇంకా పుట్టలేదు.

పై చదువు సంగతికొస్తే, ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో తిరుపతి కుర్రాడికి డిగ్రీ కావాలంటే మద్రాసు లాంటి దూరపు ఊరికి వెళ్లాలి. 1915లో అనిబిసెంట్ పేరుతో మదనపల్లెలో కళాశాల వచ్చాక మరో దారి దొరికింది. రైలు ఖర్చు, గది అద్దె, పూటకూళ్ల ఖర్చు భరించగలిగిన ఇళ్లనుంచే పట్టభద్రులు వచ్చారు. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాలకు కమిటీ ఏర్పడిన తర్వాత ఈ పరిస్థితి మారడం మొదలైంది. 1939లో ప్రాచ్య పరిశోధనా సంస్థ, 1945లో శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952లో పద్మావతి మహిళా కళాశాల వచ్చాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా, 1954 సెప్టెంబరు 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. స్థలం, భవనాలు దేవస్థానం ఇచ్చింది. ఎస్. గోవిందరాజులు నాయుడు తొలి ఉపకులపతి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది.

ఈ ఘట్టాన్ని నేను మన విద్యా చరిత్రలో అన్నిటికన్నా పై మెట్టు మీద పెడతాను. హుండీలో పడిన రూపాయి పన్ను కాదు, ఎవరూ బలవంతాన వసూలు చేసింది కాదు. ఆ రూపాయితో పుత్తూరు, పీలేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి పల్లెల్లో తరతరాలుగా కాలేజీ ముఖం చూడని ఇళ్లనుంచి లెక్చరర్లు, డాక్టర్లు, తాసిల్దార్లు వచ్చారు. ఫీజు తక్కువ కాబట్టి ఆ ఫీజుకు పన్ను రాయితీ అడగవలసిన అవసరమే ఎవరికీ రాలేదు. చదువు చౌకగా దొరికే చోట మినహాయింపుల చిట్టా అక్కర్లేదు. ఆ సంగతి మరిచిపోయాకే మనకు సెక్షన్ల మీద సెక్షన్లు పుట్టుకొచ్చాయి.

1961 ఆదాయపు పన్ను చట్టంలో విద్యార్థి వేతనానికి పన్ను లేదన్న నిబంధన ఉంది. చదువు ఖర్చు పెట్టే మధ్యతరగతి తండ్రికి నేరుగా ఊరట ఇచ్చే ప్రయత్నం 1975లో జరిగింది. సి. సుబ్రమణ్యం ఆర్థికమంత్రిగా ఉండగా 80ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ చేర్చి, తన మీద ఆధారపడ్డవాళ్ల పై చదువు ఖర్చుకు కొంత మినహాయింపు ఇచ్చారు. 1980లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఖాళీ.

ఆ పద్నాలుగేళ్లలో మన రాష్ట్రంలో చదువు తీరే మారిపోయింది. డొనేషన్ కాలేజీలు లేచాయి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పిచ్చి ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విడదీసింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పేమెంట్ సీటు అన్న మాట ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించింది. పొలం అమ్మి సీటు కొన్నవాళ్లు, సీటు వదులుకుని బీఎస్సీలో చేరినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 1994 బడ్జెట్‌లో, మన్మోహన్ సింగ్ 80ఇ సెక్షన్ తెచ్చారు. చదువుకోసం బ్యాంకు అప్పు తీసుకున్న విద్యార్థి ఉద్యోగంలో చేరి తిరిగి కట్టే సొమ్ములో ఏడాదికి 25,000 రూపాయల దాకా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. అసలూ వడ్డీ రెండూ లెక్కకొస్తాయి. 2000లో పరిమితి 40,000 అయింది. అయితే మొదట్లో అది ఇంజినీరింగు, వైద్యం, మేనేజ్‌మెంటు, పీజీ సైన్సు కోర్సులకే పరిమితం. బీఏ చదివినవాడి అప్పు అప్పు కాదన్నట్టు.

2005లో పి. చిదంబరం ఈ సెక్షన్‌ను తిరగరాశారు. అసలుకు మినహాయింపు పోయింది, వడ్డీకి పరిమితి పోయింది. వడ్డీ ఎంతైనా సరే, ఎనిమిదేళ్ల పాటు తీసేసుకోవచ్చు. 2007లో భార్యాభర్తల, పిల్లల చదువుకు తీసుకున్న అప్పునూ చేర్చారు. 2009లో ప్రణబ్ ముఖర్జీ ఇంటర్ తర్వాతి అన్ని కోర్సులకూ, వృత్తి విద్యకూ తలుపు తెరిచారు. విదేశాల్లో చదువుకూ ఇది వర్తిస్తుంది. విద్యకు సంబంధించిన పన్ను నిబంధనల్లో మన యువతకు ఎక్కువగా పనికొచ్చినది ఇదేనని నా అభిప్రాయం.

కానీ ఇందులోనూ ఒక గోడ ఉంది. అప్పు బ్యాంకుదో, ప్రభుత్వం గుర్తించిన ఆర్థిక సంస్థదో, ఆమోదం పొందిన ధర్మసంస్థదో అయి ఉండాలి. చిత్తూరు జిల్లా పల్లెల్లో బిడ్డ ఫీజుకు మొదట ఎత్తేది చీటీ పాట. తర్వాత మేనమామ దగ్గర చేబదులు, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి నోటు. వీటిలో ఒక్కదాని వడ్డీకీ 80ఇ లేదు. వడ్డీ ఎక్కువ మోసేవాడికి రాయితీ లేకపోవడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

రెండో దారి ట్యూషన్ ఫీజు. 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ కేసులో ఇచ్చిన తీర్పుతో ప్రైవేటు వృత్తి కళాశాలలకు ఫీజులు నిర్ణయించుకునే స్వేచ్ఛ పెరిగింది. 2003 బడ్జెట్‌లో జస్వంత్ సింగ్ ఇద్దరు పిల్లల దాకా, ఒక్కొక్కరికి 12,000 రూపాయల వరకు ట్యూషన్ ఫీజును సెక్షన్ 88లో చేర్చారు. ఈ సెక్షన్ 88 గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో చదువు ఖర్చుకు నిజమైన పన్ను రిబేటు దొరికింది 2003 నుంచి 2005 దాకా ఆ రెండేళ్లే. ఇది ఆదాయంలోంచి తీసేసేది కాదు, కట్టవలసిన పన్నులోంచే తగ్గించేది. ఆదాయం లక్షన్నర లోపు ఉంటే పెట్టిన ఖర్చులో 20 శాతం, లక్షన్నర నుంచి ఐదు లక్షల దాకా 15 శాతం, ఐదు లక్షలు దాటితే సున్నా. అంటే ఆదాయం తక్కువ ఉన్న గుమాస్తాకు రాయితీ శాతం ఎక్కువ, పెద్ద జీతగాడికి తక్కువ. తిరుపతిలో లక్షా ఇరవై వేల ఆదాయమున్న ఒక గుమాస్తా ఇద్దరు పిల్లలకు 24,000 ఫీజు కట్టి ఉంటే, అతని పన్నులో 4,800 దాకా తగ్గేది. ఐదు లక్షలు దాటిన పెద్ద అధికారికి ఏమీ తగ్గేది కాదు.

2005లో ఈ రిబేటు పోయి 80సి వచ్చింది. మొదట లక్ష రూపాయల పరిమితి, 2014 నుంచి లక్షన్నర. పీఎఫ్, ఎల్ఐసీ, ఇంటి అప్పు అసలు, ట్యూషన్ ఫీజు అన్నీ ఆ ఒక్క సంచిలోనే పట్టాలి. లెక్క తలకిందులైంది. లక్ష రూపాయల ఫీజు చూపించినవాడు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 31,200 మిగుల్చుకుంటాడు. 20 శాతం శ్లాబులో ఉంటే 20,800. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే ఏమీ లేదు. ఒకే కాలేజీ, ఒకే క్లాసు, ఒకే ఫీజు, ముగ్గురు తండ్రులకు మూడు రకాల సాయం. ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ. జస్వంత్ సింగ్ రిబేటును తీసేయడం పెద్ద తప్పు. ఇరవై ఏళ్లు గడిచినా ఆ తప్పును ఎవరూ దిద్దలేదు.

80సి ఇంట్లో ఎలా పనిచేస్తుందో ఫిబ్రవరి నెలలో ఏ ప్రభుత్వ బడి స్టాఫ్‌రూమ్‌కు వెళ్లినా కనిపిస్తుంది. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ఐటీ స్టేట్‌మెంటు జీతాలు డ్రా చేసే అధికారి(డీడీవో)కి ఇవ్వాలి. టీచర్లు ఎల్ఐసీ రసీదులు, పిల్లల ఫీజు రసీదులు బల్ల మీద పరిచి కూడికలు వేస్తుంటారు. ఒక రసీదు తీసి చూడండి. మొత్తం 92,000 అనుకుందాం. అందులో ట్యూషన్ ఫీజు 40,000. మిగతాది హాస్టలు, బస్సు, స్పెషల్ ఫీజు, బిల్డింగ్ ఫండు, పరీక్ష ఫీజు. చట్టం ఒప్పుకునేది ఆ 40,000 వరుస ఒక్కటే. అభివృద్ధి రుసుము, విరాళం చెల్లవని చట్టంలోనే రాసి ఉంది. జేబులోంచి పోయింది 92,000, కాగితం మీద నిలిచింది 40,000. పీఎఫ్, ఎల్ఐసీలతోనే లక్షన్నర నిండిపోయిన సీనియర్ టీచరుకైతే ఆ 40,000 కూడా ఎందుకూ కొరగాదు. ఇక జీతంలో పిల్లల చదువు భత్యానికి నెలకు 100 రూపాయలు, హాస్టలు భత్యానికి 300 రూపాయలు పన్ను లేకుండా వదిలారు. 1990లలో కుదిరిన ఆ అంకెలు పాతికేళ్లకు పైగా కదల్లేదు. నోట్‌పుస్తకాల ధర మాత్రం కదిలింది.

అదే టీచరు తానే చదువుకోవాలనుకుంటే పరిస్థితి మరీ ఘోరం. 80సి పిల్లల పూర్తికాలపు చదువుకే. 1982లో హైదరాబాదులో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఆ తర్వాత విశ్వవిద్యాలయాల దూరవిద్యా కేంద్రాలు వేలమంది ఉద్యోగులకు, గృహిణులకు డిగ్రీలు ఇచ్చాయి. వాళ్లు తమ చేతిసొమ్ముతో కట్టిన ఫీజుకు పన్ను చట్టంలో ఒక్క పైసా గుర్తింపు లేదు. నలభై ఏళ్ల వయసులో కొత్త పని నేర్చుకుందామని ఒక శిక్షణ కేంద్రంలో చేరితే ఎదురు వడ్డింపు ఉంటుంది. కోచింగ్ మీద 2003 జూలై నుంచి సేవా పన్ను, ఇప్పుడు 18 శాతం జీఎస్టీ. పిల్లల ఫీజుకు రిబేటు ఇచ్చిన ఏడాదే పెద్దల శిక్షణ మీద పన్ను వేశారు. పోటీ పరీక్షల కోసం తిరుపతిలో గది తీసుకుని ఉండే నిరుద్యోగి కోచింగ్ ఫీజుతో పాటు ఆ జీఎస్టీ కూడా కడుతున్నాడు. పైగా 2004 నుంచి ఆదాయపు పన్ను కట్టే ప్రతి ఒక్కరి దగ్గరా విద్యా సెస్సు తీసుకుంటున్నారు. మొదట 2 శాతం, 2007లో 3, 2018 నుంచి వైద్యంతో కలిపి 4.

పన్ను రాయితీ పేదవాడికి అందదని గ్రహించి రాష్ట్రం వేరే దారి పట్టింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచే ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో దాన్ని విస్తరించి బీసీ, ఇతర పేద కుటుంబాల పిల్లలకు కూడా కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టేలా చేసింది. పుత్తూరు, మదనపల్లె, కుప్పం, చంద్రగిరి దారుల్లో లేచిన ఇంజినీరింగు కాలేజీల్లోకి కూలీల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు నడిచి వెళ్లారు. దీని విలువను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక తరం మారింది. 2012లో ఎంసెట్‌లో పదివేలు దాటిన ర్యాంకులొచ్చిన బీసీ, ఇతర పేద విద్యార్థులకు 35,000 పరిమితి పెట్టారు. పై మొత్తం కుటుంబాల మీద పడింది. 2020లో విద్యాదీవెన పేరుతో మళ్లీ పూర్తి ఫీజు ఇచ్చి, ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 వసతి దీవెన ఇచ్చారు. అయితే ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు ఆపేశారు. ఏ ప్రభుత్వం ఉన్నా బకాయిలు పేరుకుపోవడం, ఫీజు కడితే గానీ సర్టిఫికెట్లు ఇవ్వమని విద్యార్థిని కాలేజీ గేటు దగ్గర నిలబెట్టడం మాత్రం మారలేదు.

విద్యాదీవెన అర్హతల పత్రంలో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు మించకూడదని రాశారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, పింఛనుదారు ఉండకూడదు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పరవాలేదు. ఘాట్‌రోడ్డు మీద ట్యాక్సీ నడిపే అన్న పిల్లలు ఈ వెసులుబాటుతోనే నిలిచారు. ఇంకో షరతు, ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు. ఇక్కడ రెండు వ్యవస్థలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. పన్ను కడితే రీయింబర్స్‌మెంటు లేదు. పన్ను కట్టకపోతే 80సి వల్ల ఉపయోగం లేదు. మరి రెండున్నర లక్షలు దాటి, పన్ను కట్టేంత ఆదాయం లేని కుటుంబం?

అలిపిరి దగ్గర కొబ్బరికాయలు, బొమ్మలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఊహించండి. భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా నిలబడితే ఏడాదికి నాలుగు లక్షలు మిగులుతాయి. కూతురు ఇంజినీరింగు రెండో ఏడాది. ఆదాయం రెండున్నర లక్షలు దాటింది కాబట్టి రీయింబర్స్‌మెంటు లేదు. ఐదు లక్షల లోపు కాబట్టి, 80సి వర్తించే పాత పన్ను పద్ధతిలోనూ పన్ను సున్నా, 80సి వాడే పని లేదు. ఫీజుకు చీటీ పాడారు, దానికి 80ఇ లేదు. ఆ అమ్మాయి చదువుకు ప్రభుత్వం వైపునుంచి వచ్చే సాయం ఏదీ లేదు. అదే కాలేజీలో ఆమె పక్కన కూర్చున్న పెద్ద అధికారి కొడుకు ఫీజులో 30 శాతం దాకా ప్రభుత్వం వదులుకుంటుంది.

2020లో మినహాయింపులు లేని కొత్త పన్ను పద్ధతి వచ్చింది. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది. అందులో 80సి లేదు, 80ఇ లేదు. 2025 బడ్జెట్‌తో కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. జీతగాళ్లకు ఇది పెద్ద ఊరటే, కాదనను. కానీ చదువు వైపునుంచి చూస్తే రెండున్నర లక్షల నుంచి పన్నెండు లక్షల దాకా ఉన్న విశాలమైన మధ్యతరగతికి ఫీజు కట్టినందుకు ప్రత్యేకంగా దొరికేదేమీ మిగల్లేదు. ఇద్దరు పిల్లలను చదివించే ఇంటికీ, పిల్లల్లేని ఇంటికీ ఒకే లెక్క. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా తెచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో 80సి నిబంధన 123వ సెక్షన్‌గా ఉంది. నంబరు మారింది, లోపం అలాగే ఉంది.

బయటి దేశాల్లో దీనికి జవాబు వెతికారు. అమెరికాలో 1997లో క్లింటన్ హయాంలో హోప్ క్రెడిట్, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ వచ్చాయి. 2009లో హోప్ స్థానంలో అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ తెచ్చి, 2015లో శాశ్వతం చేశారు. డిగ్రీ నాలుగేళ్లలో ఏడాదికి ఒక్కో విద్యార్థి మీద 2,500 డాలర్ల దాకా పన్నులోంచే తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. కట్టవలసిన పన్ను అసలే లేకపోయినా అందులో 40 శాతం, అంటే వెయ్యి డాలర్ల దాకా, ప్రభుత్వం చేతికి ఇస్తుంది. పుస్తకాల ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. లైఫ్‌టైమ్ క్రెడిట్ అయితే ఉద్యోగం చేస్తూ ఒక్క కోర్సు చదివినా వర్తిస్తుంది, 2,000 డాలర్ల దాకా. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన తిరుపతి కుటుంబాలు ఏటా కాలేజీ పంపే 1098-టి కాగితంతో ఈ క్రెడిట్ అడుగుతున్నాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివే మన పిల్లలకు మొదటి ఐదేళ్లు సాధారణంగా ఆ హక్కు లేదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం వాళ్లకు దొరుకుతుంది. చాలా దేశాల విద్యార్థులకు లేని సౌకర్యం అది. ఎవరైనా అక్కడ పార్ట్‌టైమ్ జీతం మీద పన్ను కట్టి ఉంటే ఈ సంగతి తప్పక చూసుకోవాలి. ఇక్కడినుంచి ఫీజు పంపే తల్లిదండ్రుల దగ్గర 2020 అక్టోబరు నుంచి, ఒక పరిమితి దాటిన సొమ్ము మీద, టీసీఎస్ పేరుతో ముందస్తుగా పన్ను పట్టుకుంటున్నారు. 2025లో ఆ పరిమితిని పది లక్షలకు పెంచి, విద్యారుణంతో పంపే సొమ్ముకు పూర్తిగా తీసేశారు.

అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేననను. అక్కడ క్రెడిట్ పెరిగేకొద్దీ కాలేజీలు ఫీజులు పెంచుతాయన్న వాదన ఉంది. రీయింబర్స్‌మెంటు అంకె చూసి ఫీజు నిర్ణయించే కాలేజీలను మనమూ చూశాం. కానీ పన్ను లేనివాడికీ సాయం చేరాలన్న ఆ ఒక్క సూత్రం మనకు కావాలి. 2003లో మన దగ్గరే సగం దూరం వెళ్లాం. తక్కువ ఆదాయానికి ఎక్కువ శాతం అన్న న్యాయం సెక్షన్ 88లో ఉంది. పన్ను సున్నా అయినా తిరిగి ఇచ్చే ఏర్పాటు దానికి చేరిస్తే, రిటర్ను వేసిన కొబ్బరికాయల దుకాణం వాళ్లకు కూడా కూతురి ఫీజులో కొంత నేరుగా ఖాతాలో పడుతుంది. పెద్దల సొంత చదువునూ అందులో చేర్చాలి. రీయింబర్స్‌మెంటు ఆదాయ పరిమితిని ఒక్కసారిగా తెగిపోయేలా కాకుండా మెట్లు మెట్లుగా తగ్గించాలి. తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులు, రాయలసీమ ఉపాధ్యాయ సంఘాలు, బడ్జెట్‌కు ముందు ఢిల్లీకి వినతిపత్రాలు పంపే వ్యాపార సంఘాలు ఈ మూడు కోరికలనూ వచ్చే బడ్జెట్ ముందు గట్టిగా అడగాలి.

అంతదాకా ఉన్నదాన్ని వదులుకోకండి. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లకు ఏటా రిటర్ను వేసేటప్పుడు పాత పద్ధతి ఎంచుకునే హక్కు ఇంకా ఉంది. విద్యారుణం మీద పెద్ద మొత్తంలో వడ్డీ కడుతున్నవాళ్లు, ఇంటి అద్దె, పీఎఫ్ కూడా ఉన్నవాళ్లు రెండు పద్ధతుల్లోనూ లెక్క వేయించుకోండి. బ్యాంకు దగ్గర అసలు, వడ్డీ విడివిడిగా చూపే సర్టిఫికెట్ తీసుకోండి. కాలేజీ రసీదులో ట్యూషన్ ఫీజు వేరే వరుసలో రాయమని అడగండి. పిల్లవాడికి పీజీకి అప్పు తీసుకుంటుంటే, దాన్ని తిరిగి కట్టేది ఎవరో ముందే నిర్ణయించుకుని వాళ్ల పేరు రుణపత్రంలో ఉండేలా చూడండి. 80ఇ మినహాయింపు దక్కేది అప్పు తీసుకుని, తన ఆదాయంలోంచి వడ్డీ కట్టినవాళ్లకే.